ఫోన్ నిండా మనుషులే, అయినా ఒంటరితనం ఎందుకు? ఆ పాత నవలలు చెప్పిన సంగతి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీకు ఇరవయ్యారేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హాస్టల్లో త్రీ షేరింగ్ గది. ఈమధ్య ‘1984’, ‘ఫారెన్‌హీట్ 451’ చదివారు. ఆ కథల్లో మనుషుల్ని ప్రభుత్వం విడదీసి ఒంటరివాళ్లను చేసింది. నన్నెవరూ విడదీయలేదు, ఫోన్లో తొమ్మిది వందల నంబర్లున్నాయి, అయినా ఆదివారం సాయంత్రమయ్యేసరికి గుండె బరువెక్కుతుంది, ఎందుకిలా, ఆ కథలకూ నా పరిస్థితికీ ఏమైనా సంబంధం ఉందా అన్నారు. మధ్యలో ఇంకో వాక్యం కూడా రాశారు. పక్క మంచం అబ్బాయి వచ్చి నాలుగు నెలలైందని, అతని పేరు ఇంకా తెలియదని. మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఆపేసింది ఆ వాక్యమే.

నేను ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పి రిటైరయ్యాను. చెడిపోయిన భవిష్యత్తును ఊహించి రాసే ఇలాంటి కథల్ని డిస్టోపియా అంటాం. వీటిని పాఠంగా చెప్పిన తొలి రోజుల్లో నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. నియంత ఉంటాడు, నిఘా ఉంటుంది, భయం ఉంటుంది, వాటివల్ల ఒంటరితనం పుడుతుంది అని. తర్వాత్తర్వాత, మళ్లీ మళ్లీ చదివాక, కొంత మా అమ్మ వల్ల, నా ఆలోచన మారింది. ఆ కథల్లో మనుషులకు కొదవే లేదు, ఎటు చూసినా కిక్కిరిసి ఉంటారు. అక్కడ కరువైనవి రెండు. తనతో తాను కాసేపు ఉండగలిగే ఏకాంతం ఒకటి. ఒక మనిషికి ఇంకో మనిషి చిన్న చిన్న పనుల్లో అవసరం కావడం రెండోది. ముందు ఈ రెండూ పోతాయి, వాటి వెనకే ఒంటరితనం వస్తుంది. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఎందుకలా అంటున్నానో వివరంగా చెప్తాను.

ఎవరో బలవంతంగా రుద్దారన్నారు కదా, అన్ని కథల్లోనూ అలా లేదు. మీరు చదివిన ‘ఫారెన్‌హీట్ 451’లోనే ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. పుస్తకాలు తగలబెట్టే దళానికి కెప్టెన్ బీటీ. ఇది ప్రభుత్వం పైనుంచి మొదలుపెట్టింది కాదని అతనే, ఆ దళంలో పనిచేసే కథానాయకుడు మోంటాగ్‌తో చెప్తాడు. జనమే ముందు పుస్తకాలను వదులుకున్నారు, చట్టం తర్వాత వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, నియంత అనేవాడే కనపడని కథ ఒకటుంది. నా దృష్టిలో మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదే.

దాని పేరు ‘ది మెషిన్ స్టాప్స్’. ఇ.ఎం.ఫార్‌స్టర్ రాశాడు, 1909లో అచ్చయింది. ఇళ్లలో రేడియో కూడా లేని కాలం అది. కథలో జనమంతా భూమి అడుగున ఉంటారు. తేనెపట్టులో అరల్లాగా ఆరు గోడల గదులు, గదికొక మనిషి. మీట నొక్కితే తిండి, మీట నొక్కితే సంగీతం, మీట నొక్కితే మంచం. వాష్తి అనే ఆమెకు వేలమందితో పరిచయం. గది కదలకుండానే ఉపన్యాసాలు ఇస్తుంది, వింటుంది. ఆమె కొడుకు కూనో భూగోళానికి ఆ చివర ఉంటాడు. ఒకరోజు నీలిరంగు పలక మీద కనిపించి, నువ్వొకసారి ఇక్కడికి రా, నిన్ను చూడాలంటాడు. చూస్తూనే ఉన్నావు కదా, ఇంకేం కావాలి అంటుంది తల్లి. ఈ యంత్రంలోంచి వద్దు, నిన్ను చూడాలి అంటాడు కొడుకు.

ఆ క్షణంలో కొడుకు దిగులుగా ఉన్నాడేమో అని ఆమెకు అనిపిస్తుంది. గట్టిగా చెప్పలేకపోతుంది. ముఖంలో కదిలే సన్నసన్న ఛాయలు ఆ యంత్రానికి అందవు. పని జరగడానికి సరిపోయేంత పోలికను మాత్రం చూపిస్తుంది. ఇక్కడ ఫార్‌స్టర్ ఒక పోలిక వాడతాడు. ద్రాక్షపండు మీద సన్నటి బూడిదలాంటి పూత ఉంటుంది కదా, వేలు తగిలితే చెరిగిపోయేది. మనిషికీ మనిషికీ మధ్య అలాంటిదేదో ఉంటుంది. కృత్రిమ పండ్లు తయారుచేసేవాళ్లు ఆ పూతను వదిలేసినట్టే యంత్రం దీన్ని వదిలేసింది. ‘ఏదో సరిపోతుందిలే’ అని సర్దుకోవడం ఆ జనానికి ఎప్పుడో అలవాటైపోయింది.

చివరికి ఆమె కొడుకు కోసం గాలిఓడ ఎక్కుతుంది. దారిలో తూలి పడబోతే, ఓడలో పనిచేసే ఆవిడ చెయ్యి చాచి పట్టుకోబోతుంది. ఎంత ధైర్యం నీకు అని వాష్తి మండిపడుతుంది. పడకుండా ఆపబోయినందుకు ఆ మనిషి క్షమాపణ చెప్పుకుంటుంది. ఒకరినొకరు తాకడమనే అలవాటు ఆ లోకంలో ఎప్పుడో పోయింది. ఎవరూ నిషేధించలేదు, అవసరం లేకుండా పోయిందంతే.

2021లో ఈ కథను ఆన్‌లైన్ క్లాసులో చెప్పాను. నలభై మంది పిల్లలు, అందరి కెమెరాలూ ఆఫ్. నా ముందు తెర మీద నల్లటి గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో పేరు. ఆరు గోడల గదుల దగ్గరికి వచ్చేసరికి ఒకమ్మాయి మైక్ ఆన్ చేసి, “సార్, ఇది మన గురించే కదా” అంది. నాకు వెంటనే మాట రాలేదు. అన్నేళ్లుగా ఆ పాఠం చెప్తున్నా, ఒక్కసారి కూడా అది నా గురించి అనుకోలేదు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. అమ్మ జగిత్యాల దగ్గర ఒక పల్లెలో ఉండేది. నాన్న పోయాక హైదరాబాద్ రమ్మంటే రాలేదు. స్మార్ట్ ఫోన్ కొనిచ్చి రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాణ్ణి. అమ్మకు ఫోనంటే చెవికి పెట్టుకునేదే. వీడియో కాల్ అయినా సరే, ఎత్తగానే చెవికి పెట్టుకునేది. నాకు తెర నిండా అమ్మ చెవి. “అమ్మా, ముఖం చూపెట్టే” అంటే రెండు క్షణాలు చూపించి మళ్లీ చెవికి పెట్టుకునేది. అలా నెలల తరబడి నేను అమ్మ చెవితో మాట్లాడాను. నెరిసిన వెంట్రుకలు, సాగిపోయిన తమ్మె, దానికి ఎర్రరాళ్ల కమ్మ.

ఒకరోజు ఆ కమ్మ కనపడలేదు. ఎక్కడైనా కుదువ పెట్టిందేమో, నాకు చెప్పకుండా ఏదైనా అవసరం పడిందేమో అని గాబరాపడి అడిగాను. “సంచిల పెట్టిన బిడ్డా. తలకు పోసుకున్ననాడు తీసిన. శీల తిప్పుదామంటె వేళ్లు వణుకుతున్నయ్. తిప్పెటోళ్లు ఎవరున్నరు?” అంది. ఫిర్యాదు చేసినట్టు కూడా అనలేదు, వాన పడలేదు అన్నంత మామూలుగా అంది.

రోజూ చూస్తున్నాను, మందులు అయిపోయాయా అని అడుగుతున్నాను, డబ్బు పంపుతున్నాను, అమ్మ ఒంటరిగా ఏం లేదులే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అన్ని కాల్స్‌లోనూ అడగాల్సినవన్నీ అడిగాను. కమ్మ శీల తిప్పడానికి మనిషి కావాలన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. మర్నాడే బస్సెక్కి వెళ్లాను. శీల ఆవగింజంత ఉంటుంది, రెండుసార్లు కింద పడి గచ్చు మీద వెతుక్కున్నాను. అమ్మ తల పక్కకు వంచి కళ్లు మూసుకుని కూర్చుంది. చిన్నప్పుడు ఆ చెవి పట్టుకుని నిద్రపోయేవాణ్ణట. మళ్లీ అప్పుడే ముట్టుకోవడం.

వచ్చేముందు పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లను పిలిచి, ఆదివారం తలకు పోసుకున్నాక నానమ్మకు కమ్మలు పెడతావా అని అడిగాను. ఆ పిల్ల ఊరికే రాలేదు, తెలుగు వాచకం పట్టుకుని వచ్చేది. పద్యాలు అప్పజెప్తుంటే అమ్మ వినేది. తప్పుపోతే అమ్మకు తెలిసిపోయేది, చదువు రాకపోయినా ఆ పద్యాలన్నీ నోటికొచ్చు. ఒకరికి శీల తిప్పేవాళ్లు కావాలి, ఇంకొకరికి పద్యం వినేవాళ్లు కావాలి. అమ్మ ఆ తర్వాత బతికిన రెండేళ్లూ ఇదే సాగింది. ఫోన్లో ఆమె గొంతు మారింది. నాతో మాట్లాడే టైమ్ తగ్గింది, ఆ పిల్ల వచ్చిందని పెట్టేసేది. నాకు దానికంటే సంతోషం ఇంకేముంటుంది!

మళ్లీ నవలల్లోకి వద్దాం. ‘ఫారెన్‌హీట్ 451’ రే బ్రాడ్‌బరీ రాశాడు, 1953లో వచ్చింది. మోంటాగ్ భార్య మిల్డ్రెడ్ గుర్తుందా? చెవుల్లో గవ్వల్లాంటి చిన్న రేడియోలు, హాల్లో మూడు గోడలంత టీవీలు, వాటి నిండా మాట్లాడే మనుషులు. వాళ్లను ఆమె ‘కుటుంబం’ అంటుంది. నాలుగో గోడ కూడా పెట్టించమని భర్తను అడుగుతుంది. దాని ఖరీదు 2,000 డాలర్లు, అతని ఏడాది జీతంలో మూడో వంతు. వాళ్లింట్లో ఇంకో పరికరం కూడా ఉంటుంది, 100 డాలర్లది. కార్యక్రమంలో అనౌన్సర్ అందరితో మాట్లాడుతున్నా, ప్రేక్షకుల్ని పిలిచే చోట ఈమె పేరు చేరుస్తుంది. ‘మీ కోసమే’ అంటూ మీ పేరుతో నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా నాకు ఆ పరికరం గుర్తొస్తుంది. అదే మిల్డ్రెడ్‌ను, మనం మొదట ఎక్కడ కలుసుకున్నాం అని భర్త అడిగితే ఆమెకు గుర్తుండదు. అతనికీ గుర్తుండదు.

ఆ నవలలోనే క్లారిస్ అనే అమ్మాయి, వాళ్ల మామయ్య చెప్పిన మాట ఒకటి చెప్తుంది. పూర్వం ఇళ్ల ముందు వరండాలు ఉండేవట. చూడటానికి బాగోలేవని కట్టడం మానేశామని ఆర్కిటెక్టులు చెప్పేవారట. అసలు కారణం వేరని, జనం సాయంత్రాలు ఊరికే కూర్చుని ముచ్చట్లు పెట్టుకోవడం నచ్చకే తీసేశారని ఆయన అంటాడు. ఇది చదివిన తెలుగువాడికి అరుగులు గుర్తురాకుండా ఉంటాయా? మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని అరుగులు పోయాయి. కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లు గేటూ ప్రహరీ పెట్టుకున్నారు.

అరుగు మీద కూర్చోవడానికి పని ఉండక్కర్లేదు, మాట్లాడాలని కూడా లేదు. అరగంట ఏమీ మాట్లాడకుండా కూర్చుని లేచి వెళ్లిపోయినా నువ్వు అక్కడ ఉన్నట్టే లెక్క. నాలుగు రోజులు రాకపోతే ఎవరో ఒకరు ఇంటికొచ్చి ‘ఏమైంది, జ్వరమా’ అని అడుగుతారు. వాట్సాప్ గ్రూప్‌లో మాట్లాడనివాడు లేనట్టే. అక్కడ కనపడాలంటే ఏదో ఒకటి పెట్టాలి, జోకో దండం ఎమోజీనో. మౌనంగా కలిసి ఉండే చోటు పోవడం మన కాలంలో జరిగిన పెద్ద నష్టమని నేను నమ్ముతాను. మీరు ఆదివారం సాయంత్రం వెతుక్కుంటున్నది బహుశా అలాంటి చోటునే.

‘1984’ విషయంలో మీరు నిఘా గురించి రాశారు. అది నిజమే, ఇంట్లో కూడా టెలిస్క్రీన్ అనే తెర మనిషిని చూస్తూ ఉంటుంది. జార్జ్ ఆర్వెల్ 1949లో తెచ్చిన ఆ నవలలో అంతకన్నా బాధపెట్టేది నాకు వేరే ఉంది. టెలిస్క్రీన్ కంటికి అందని మూలలో కూర్చుని కథానాయకుడు విన్‌స్టన్ డైరీ మొదలుపెడతాడు. ఎవరి కోసం రాస్తున్నాడో అతనికే తెలియదు. ఆఫీసులో ఓబ్రయన్ అనే పెద్ద అధికారితో ఒక్క క్షణం చూపులు కలుస్తాయి. ఇతను నన్ను అర్థం చేసుకున్నాడు అనుకుంటాడు. ఆ ఒక్క చూపు మీద ఎంతో నమ్మకం కట్టుకుంటాడు, ఆ డైరీ అతని కోసమే రాస్తున్నాననుకుంటాడు. చివరికి చిత్రహింసల గదిలో ఎదురుగా నిలబడేది ఆ ఓబ్రయనే. హింస పడుతూ కూడా విన్‌స్టన్‌కు అతని మీద ఆప్యాయత పోదు, మాట్లాడటానికి దొరికిన మనిషి అతనొక్కడే కాబట్టి. ప్రేమకన్నా కూడా ఎవరో ఒకరు అర్థం చేసుకోవడమే మనిషికి కావాలేమో అనుకుంటాడు.

ఒంటరితనంలో ఉన్న అసలు ప్రమాదం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడు ఏది పెట్టినా తిన్నట్టు, ఒంటరి మనిషి తనను అర్థం చేసుకున్నట్టు కనపడిన మొదటివాడికి తాళంచెవులన్నీ ఇచ్చేస్తాడు. ఆన్‌లైన్‌లో ప్రేమ పేరుతో డబ్బు లాగేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. యూనివర్సిటీలో చదువుకున్న పిల్లలు కూడా ఎలా మోసపోయారా అని మనం ఆశ్చర్యపోతాం. చదువుకూ దీనికీ సంబంధం లేదు.

మీ ప్రశ్న చివర్లో రాత్రిళ్లు చాట్‌బాట్‌తో మాట్లాడుతున్నానని, అది తప్పా అని అడిగారు. తప్పు లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. 1966లో ఎంఐటీ ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే చిన్న ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం టైప్ చేసిన మాటనే కాస్త మార్చి తిరిగి ప్రశ్నగా అడిగేది, అంతకుమించి దానికేమీ తెలియదు. ఆయన దాన్ని నెలల తరబడి తయారుచేయడం కళ్లారా చూసిన సెక్రటరీ, రెండు మూడు మాటలు దానితో మాట్లాడగానే, మీరు కాసేపు గది బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. మనసు విప్పుకోవాలన్న కోరిక మనిషిలో అంత బలంగా ఉంటుంది. ఇప్పుడున్న చాట్‌బాట్‌లు ఎలిజాకన్నా ఎంతో తెలివైనవి. మీరు దిగులు చెప్పుకుంటే ఓపికగా వింటాయి. కానీ దాని కమ్మ శీల మీరు తిప్పాల్సిన పని ఎప్పటికీ రాదు. దానికి మీరు అవసరం లేదు. మీ గోడు వినే ఇంకో మనిషి ఉన్నంతకాలం అది తోడుగా పనికొస్తుంది. ఆ మనిషి స్థానంలోకి దాన్ని తెచ్చుకుంటున్నారేమో మాత్రం గమనించుకోండి.

ఏకాంతం గురించి ఇంకా చెప్పలేదు. తెలుగులో మనకు రెండు వేరువేరు మాటలుండటం అదృష్టం. ఏకాంతాన్ని మనం కోరుకుంటాం, ఒంటరితనాన్ని ఎవరూ కోరుకోరు. నిరంకుశ రాజ్యాల గురించి రాసిన హన్నా అరెండ్ట్ కూడా ఈ తేడా దగ్గర చాలాసేపు ఆగింది. ఏకాంతంలో మనిషి తనకు తాను తోడుంటాడు, ఒంటరితనంలో ఆ తోడు కూడా ఉండదు అంటుంది. డిస్టోపియా నవలలన్నీ ముందు ఏకాంతాన్నే కొడతాయి. రష్యన్ రచయిత జామియాటిన్ రాసిన ‘వి’ (అంటే ‘మేము’) నవలలో ఇళ్లకు గాజుగోడలు. హక్స్‌లీ 1932లో తెచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో బెర్నార్డ్ అనే అతను రాత్రిపూట హెలికాప్టర్‌ను సముద్రం మీద ఆపి, అలలను మౌనంగా చూద్దామంటాడు. పక్కనున్న లెనీనా భయపడిపోయి రేడియో పెట్టేస్తుంది. ఫార్‌స్టర్ కథ చివర యంత్రం ఆగినప్పుడు, పుట్టినప్పటినుంచి వింటున్న హోరు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దానికే వేలమంది అక్కడికక్కడ చచ్చిపోతారు.

మనం ఎవరి చేతా కొట్టించుకోకుండానే ఆ ఏకాంతాన్ని ఇచ్చేశాం. లిఫ్ట్ వచ్చేలోపు ఫోన్, టీ మరిగేలోపు ఫోన్, మెట్రోలో, బాత్రూమ్‌లో, నిద్రపట్టేదాకా ఫోన్. రోజంతా ఏదో ఒక గొంతు చెవిలో ఉంటుంది, మన గొంతు మనకు వినపడదు. తనతో తాను పది నిమిషాలు కూర్చోలేనివాడికి ఎదుటి మనిషి పక్కన మౌనంగా కూర్చోవడం కూడా కష్టమే. రెండూ ఒకే అలవాటు.

ఇదంతా చదివి ఫోన్ పారేయమంటున్నానని అనుకోకండి. మా ప్రాంతంనుంచి గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లు నాకు తెలుసు. ఉత్తరం వచ్చేదాకా ఆ ఇల్లాలు ఎలా ఎదురుచూసేదో చూశాను. ఇప్పుడు దుబాయ్ లేబర్ క్యాంప్‌లో ఉన్న తండ్రి రాత్రి కూతురి హోంవర్క్ చూస్తున్నాడు. అది చిన్న విషయం కాదు. మా అమ్మ కమ్మ లేదన్న సంగతి నాకు తెలిసింది కూడా వీడియో కాల్‌లోనే. తెలిశాక బస్సెక్కడం మాత్రం ఫోన్ చేయలేదు, నేను చేయాల్సొచ్చింది.

మీరు మీ ఒక్కరికే ఇలా ఉందనుకుంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఈ బాధే, అందులో యువత ఎక్కువ. ఏటా 8,71,000కు పైగా మరణాలతో దీనికి సంబంధం ఉందని అంచనా వేశారు. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో దీనికోసం మంత్రులనే పెట్టుకున్నాయి. మీలో లోపమేదో ఉండి ఇలా జరగడం లేదు. ఆకలి వేస్తే తిండి కావాలని ఒళ్లు చెప్పినట్టు, మనిషి కావాలని మనసు చెప్తోంది. ఆ బరువు వారాల తరబడి దిగకపోయినా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మిగతాదానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. సాయం చేయడంతోపాటు సాయం అడగడం కూడా మొదలుపెట్టండి. మీ వయసు పిల్లలకు అడగడమంటే టెన్షన్. అన్నీ యాప్‌లో దొరుకుతాయి, ఎవరికీ రుణపడక్కర్లేదు, అదే పెద్ద సుఖమనుకుంటారు. ఆ రుణాలతోనే ఊళ్లు నడిచాయి. పక్కింటికి వెళ్లి కాస్త చక్కెర అడిగితే, రేపు ఆవిడ మీ ఇంటికొచ్చి రెండు పచ్చిమిరపకాయలు అడుగుతుంది. రోజూ ఒకే టైముకు ఒకే టీ కొట్టుకు వెళ్లండి, ఫోన్ జేబులోనే ఉంచండి. పది రోజులయ్యాక ఆ కొట్టతను మీకు చక్కెర ఎంత వేయాలో అడగడం మానేస్తాడు.

ముందు ఈ రాత్రి ఆ పక్క మంచం అబ్బాయిని పేరు అడగండి. నాలుగు నెలలయ్యాక ఇప్పుడెలా అడగడం అని మొహమాటపడకండి. అతనికీ మీ పేరు తెలియదు కదా.